నదిని ప్రేమించడం కూడా హక్కే

(ఉప్పళంలో తెలుగు విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన విద్యార్థులు "మీ ఊరి నది గురించి చెప్పండి సార్, జ్ఞాపకాలు చెప్పినా చాలు" అన్నారు. ఆ మాట నాకు కొత్తగా అనిపించింది. మనల్ని ఎక్కడికైనా మాట్లాడమని పిలిస్తే దాడి గురించి అడుగుతారు, రిజర్వేషన్ గురించి అడుగుతారు, కేసు ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. అవన్నీ అడగాల్సినవే. కానీ నీకు ఇష్టమైన ఏరు ఏది, ఈత ఎక్కడ నేర్చుకున్నావు, ఏ చేప ఇష్టంగా తిన్నావు అని అడిగేవాళ్ళు తక్కువ. మనకు గాయాలుంటాయని లోకానికి తెలుసు. ఇష్టాలు కూడా ఉంటాయన్న సంగతి అంతగా పట్టదు. అందుకని ఇవాళ ముందు ఇష్టం గురించే మాట్లాడతాను. దాని వెనక ఉన్న లెక్కలు తర్వాత చెబుతాను.

నాది యానాం. ఈ గదిలో ఉన్న మీలో చాలామందిదీ అదే. యానాం నుంచి పుదుచ్చేరికి 800 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో ఆంధ్రా, తమిళనాడు దాటి రావాలి. అయినా రెండింటిదీ ఒకే ప్రభుత్వం. 1954లో ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి బయటపడినా వాళ్ళు గీసిన గీతలు మాత్రం మనకు మిగిలాయి. అందుకే చదువుకైనా, ఉద్యోగానికైనా, ఒక సంతకానికైనా యానాం మనిషి ఇంత దూరం రావాలి. నేనూ అలాగే 1989లో చదువు కోసం వచ్చి, ఈ ఉప్పళంలోనే చిన్న గది అద్దెకు తీసుకున్నాను. తెలుగు మాట్లాడే మనిషి దొరికితే ముందు అడిగేది ఒక్కటే: గోదారి ఎలా ఉంది?

బడి పుస్తకంలో అది గోదావరి. ఇంట్లో గోదారి. ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలిపోయి, అందులో గౌతమి మా వైపు వస్తుంది. యానాం దగ్గర కోరంగి పాయ విడిపోతుంది. అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. అందుకే మా గోదారి రాజమండ్రి గోదారిలా ఒకే వైపు నడవదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు నీరు తీస్తుంది. మా ఇంట్లో గడియారం లేని రోజుల్లో మా నాన్న గట్టు మీద నిలబడి తడి గీత చూసి, పడవ ఎప్పుడు కదులుతుందో చెప్పేవాడు. దరియాలతిప్ప లాంటి మా ఊళ్ళ పేర్లలోనే నది ఉంది. తిప్ప అంటే ఏరు పోసిన ఇసుక దిబ్బే కదా.

నేను ఈత నేర్చుకున్నది అరటి బోదె పట్టుకుని. గురువంటూ ఎవరూ లేరు. మా కంటే రెండేళ్ళు పెద్దవాళ్ళు మమ్మల్ని నీళ్ళలోకి తోసి, మునుగుతుంటే నవ్వి, మరీ మునుగుతుంటే జుట్టు పట్టుకుని లాగేవాళ్ళు. ఎండాకాలంలో నీళ్ళు ఉప్పగా ఉండేవి. నోట్లోకి పోతే ఉమ్మేసేవాళ్ళం. ఆషాఢంలో ఒక రోజు పొద్దున్నే లేచేసరికి ఏరంతా ఎర్రగా మారిపోయి ఉండేది. పైన ఎక్కడో మహారాష్ట్రలో, తెలంగాణలో కురిసిన వాన మా దగ్గరికి మట్టి రంగుతో వచ్చేది. ఆ రోజు మా అమ్మ బిందెలో నీళ్ళు పోసి ఇండుపగింజ అరగదీసి వేసేది. కాసేపటికి మట్టి అడుక్కి దిగి పైన నీళ్ళు తేటపడేవి. ఆ మొదటి గ్లాసు తియ్యదనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎర్రనీటితో పాటే పులస వచ్చేది. సముద్రంలో ఉన్నంతసేపు అది విలస. గోదారిలోకి ఎదురీదితే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. మా అమ్మకు అమ్ముకోవడానికి పుస్తెలు కూడా బంగారానివి కావు, పసుపుకొమ్మే. కాబట్టి పులస మాకు వాసనగానే తెలుసు. సందు చివర ఎవరింట్లోనో పులుసు కాగుతుంటే మేం అటు తిరిగి అన్నం తినేవాళ్ళం. మా పండగ చీరమేను. చలి మొదలయ్యే రోజుల్లో గోరంత కూడా లేని పిల్ల చేపలు గుంపులుగా వచ్చేవి. వల కన్నాలకు అవి ఆగవు. అందుకని చీరలు అడ్డంపెట్టి పట్టేవాళ్ళు. గ్లాసుతో కొలిచి అమ్మేవాళ్ళు. మా అమ్మ రెండు గ్లాసులు తెచ్చి మినప్పిండిలో కలిపి గారెలు వేసేది. ఆ రోజు మా పేటలో ప్రతి ఇంట్లోనూ నూనె చప్పుడే.

ఇక పంటు. ఇప్పుడు యానాం నుంచి ఎదుర్లంకకు వంతెన మీద బండి వేసుకుని నిమిషాల్లో పోతున్నారు. ఆ రోజుల్లో పంటు ఎక్కాల్సిందే. సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, పెళ్ళివారు, పాడి గేదె, అందరూ ఒకే చెక్కల మీద. అవతలి ఒడ్డున కోనసీమలో మా అమ్మమ్మ ఊరు. పంటు మీద కులం లేదని నేను చెప్పను. ఎవరు పంచె పైకి లాక్కుని దూరంగా జరుగుతారో, ఎవరు ఎవరికి "ఆయ్" అంటారో, ఎవరిని "ఏరా" అంటారో అన్నీ అక్కడా ఉండేవి. కానీ గాలి పెరిగి పంటు ఊగితే మాత్రం అందరూ అందరినీ పట్టుకునేవాళ్ళు. ఒడ్డు తగలగానే వదిలేసేవాళ్ళు.

ఆ వంతెనకు పెట్టిన పేరు బాలయోగిది. ఎదుర్లంకలో పుట్టిన దళిత బిడ్డ జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. నేను ఆ వంతెన దాటినప్పుడల్లా పేరు చదువుతాను. పంటు మీద ఓ మూల నిలబడినవాళ్ళ పిల్లవాడి పేరు ఇప్పుడు రెండు ఒడ్లనూ కలుపుతోంది. నదుల మీద మన పేర్లు అరుదు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వస్తాను. మా అమ్మమ్మ ఊళ్ళో రేవులు వరసగా ఉండేవి. అన్నిటికంటే ఎగువన మెట్లు కట్టిన ఊరి రేవు. దాని కింద చాకిరేవు. దాని కింద పశువుల రేవు. అన్నిటికీ దిగువన మా రేవు. మెట్లు లేవు, జారుడు మట్టి. ఈ వరస ఏ కాగితం మీదా రాసి లేదు. అయినా అయిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నీళ్ళు పైనుంచి కిందికి పారతాయి కాబట్టి, పైవాళ్ళ మురికి కిందివాళ్ళకు రావచ్చు, కిందివాళ్ళ నీళ్ళు పైవాళ్ళను తాకకూడదు. ఇదీ ఆ ఏర్పాటు. కుల వ్యవస్థను ఇంత తేలిగ్గా బోధించే బొమ్మ మరొకటి నేను చూడలేదు.

అయితే సముద్రం పక్కనే ఉంది కదా. వరద లేని రోజుల్లో పోటు రాగానే నీరు వెనక్కి నడుస్తుంది. మా రేవు నీళ్ళు పశువుల రేవుకు, అక్కడి నుంచి చాకిరేవుకు, అక్కడి నుంచి ఊరి రేవుకు పోతాయి. మా అమ్మమ్మ అంట్లు తోముతూ ఆ సంగతి చెప్పి పడీపడీ నవ్వేది. "ఒరే నాయనా, పోటొచ్చిందంటే మన నీళ్ళే ఆళ్ళ రేవుకెళ్తాయి. ఆళ్ళ మడి తడిసేది మన నీళ్ళతోనే." ఆమెకు సంతకం రాదు. కానీ మడి అనే మాటలో ఉన్న అబద్ధాన్ని ఆటుపోట్ల లెక్కతో పట్టుకుంది. మనుస్మృతిని సముద్రం రోజుకు రెండుసార్లు తిరగేస్తోందని నేను తర్వాత నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి. ఆ ఆలోచన మా అమ్మమ్మదే.

అంటువ్యాధిలా అంటుకునే మైల నీళ్ళలో లేదు. ఉన్నదల్లా మనుషుల మధ్య అధికారం. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగింది ఈ మాట చెప్పడానికే. అంతకు నాలుగేళ్ళ ముందే, 1923లో, బొంబాయి శాసనమండలి ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అందరివీ అని తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద ఉంది, నీళ్ళు చెరువులో ఉన్నాయి, రెండింటి మధ్య మనుషులు అడ్డం నిలబడ్డారు. కోర్టులో ఆ కేసు తేలేసరికి 1937 వచ్చింది. ఒక్క దోసెడు నీళ్ళకు పదేళ్ళు.

అంబేడ్కర్ ఆలోచనలో నది ఇంకొక చోట కూడా వస్తుంది. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' చదివినవాళ్ళకు గుర్తుంటుంది. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడన్న కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. శాక్యులకు, కోలియులకు మధ్య రోహిణి నది ఉంది. రెండు వైపులా పొలాలు తడవాలి. ముందు ఎవరు నీళ్ళు తీసుకోవాలన్నది ఏటేటా తగాదా. సిద్ధార్థుడికి 28 ఏళ్ళప్పుడు అది యుద్ధం దాకా వచ్చింది. యుద్ధం వద్దని ఆయన సంఘంలో వాదించాడు, ఓట్లలో ఓడిపోయాడు, దేశం వదలడానికి ఒప్పుకున్నాడు. ఈ కథనంలో బుద్ధుడి ప్రయాణానికి మొదలు నీటి పంపకం. చావు భయం మనిషిని ఒంటరిగా ఆలోచింపజేస్తుంది. నీటి తగాదా పొరుగువాడి గురించి ఆలోచింపజేస్తుంది. బాబాసాహెబ్ రెండోదాన్ని ఎంచుకున్నారు.

మన తెలుగు నేల మీద దళిత ఉద్యమం కూడా నీళ్ళ దగ్గరే రగిలింది. 1985 జూలైలో కారంచేడులో దళితులు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెలను కడుగుతుంటే, ఆ మురికి వద్దన్నందుకు గొడవ. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, దాడి చేసి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైన్‌లో పడేశారు. ఆ కాలవ గట్టున పెరిగిన పిల్లలకు కూడా ఈత జ్ఞాపకాలు ఉండి ఉంటాయి, చేపల జ్ఞాపకాలు ఉండి ఉంటాయి. ఆ రోజు తర్వాత వాటిని ఎలా తలుచుకోవాలి? మనుషులను చంపడంతో పాటు ఒక పల్లె తన కాలవను ఇష్టంగా తలుచుకునే వీలును కూడా ఆ చేతులు చంపేశాయి. ఈ నష్టాన్ని ఏ తీర్పులోనూ లెక్కగట్టరు.

అందుకే నేను అంటున్నాను, నదిని ప్రేమించడం కూడా హక్కే. మెట్లున్న రేవు ఉన్నవాడికి జ్ఞాపకం తేలిక. అతను స్నానం చేశాడు, పద్యం రాశాడు, నది అందరికీ తల్లి అన్నాడు. మనం మాట్లాడితే మాత్రం నది గురించి కాదు, వివక్ష గురించి మాట్లాడామంటారు. నేను ఈ పంపకాన్ని ఒప్పుకోను. నా చీరమేను గారె నాదే, మా అమ్మమ్మ జారుడు రేవు నాదే. రెండూ ఒకే గోదారి. ఒకటి చెప్పి ఒకటి దాచమంటే కుదరదు. కోనసీమలో కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు తన కవితల పుస్తకానికి 'నది పుట్టిన గొంతుక' అని పేరు పెట్టుకున్నారు. కోర్టులో వాదించిన గొంతు, కారంచేడు బాధితుల వెంట నడిచిన గొంతు తనను నదితో పోల్చుకుంది. నది మీద మనకు వారసత్వం లేదని ఎవరైనా అంటే ఆ అట్ట చూపించండి.

మా నది మమ్మల్ని బయటికి కూడా పంపింది. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టింది. అయినా పేరు పోలేదు. తర్వాతి కాలంలో కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళిన తెలుగు కూలీలందరినీ బర్మావాళ్ళు కొరంగీలనే పిలిచారు. ఆ పిలుపులో చిన్నచూపు ఉంది. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్ళు, వీధులూడ్చినవాళ్ళు వాళ్ళు. 1930 మేలో అక్కడ జరిగిన అల్లర్లలో చచ్చిపోయినవాళ్ళూ వాళ్ళే. అయినా మా తాత తండ్రి రంగం వెళ్ళొచ్చి కొన్న అర ఎకరం గురించి మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఊళ్ళో కూలికి గింజలిచ్చే కాలంలో నదీముఖం ఆయనకు తలుపులా తెరుచుకుంది.

నది మంచిది మాత్రమే అని కూడా చెప్పను. 1986 ఆగస్టులో గోదావరికి మునుపెన్నడూ చూడనంత వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. మేం మెరక మీదున్న ఒక భవనంలో తలదాచుకున్నాం. ఊరంతా ఒకే వరదలో మునిగింది గానీ గంజి వరసలు రెండుగానే ఉన్నాయి. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను ఇక్కడ ఉప్పళంలో ఉన్నాను. ఫోన్లు లేవు, రైళ్ళు లేవు. ఎలాగో ఊరు చేరేసరికి కొబ్బరి చెట్లు తలల్లేకుండా నిలబడి ఉన్నాయి. కోనసీమలో, యానాంలో వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్ళలో వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో. మా అమ్మ నన్ను చూసి ముందు అన్న మాట "గోదారి తప్పు కాదురా, గాలి తప్పు." అంత నష్టంలోనూ ఆమె ఏటి పక్షమే.

ఇప్పుడు మనం కూర్చున్న ఈ చోటి సంగతి. ఉప్పళం అంటే తమిళంలో ఉప్పుమడి. ఇక్కడి నీళ్ళ పేరు ఉప్పారు. వాళ్ళ ఆరు, మన ఏరు ఒకటే మాట. ఉప్పుటేరు అన్నమాట. 1815లో ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు లండన్‌లో ఒప్పందం చేసుకున్నారు. ఫ్రెంచి ప్రాంతాల ఉప్పు మీద హక్కు ఇంగ్లీషు కంపెనీకి, బదులుగా ఫ్రెంచివాళ్ళకు ఏడాదికి 4 లక్షల సిక్కా రూపాయలు. ఆ రూపాయలు చరిత్ర పుస్తకంలో ఉన్నాయి. మడిలో దిగి ఉప్పు గీకినవాళ్ళ పేర్లు లేవు. ఇవాళ ఉప్పారు పట్టణం మురుగు మోస్తోంది. అందరూ దాన్ని డ్రైనేజీ కాలవ అంటారు. ముక్కు మూసుకుని దాటుతారు. ఒక ఏరు పేరు కాలవగా మారడం, ఒక మనిషిని వృత్తి పేరుతో పిలవడం లాంటిదే. ముందు మురికి దానిలో పోస్తాం, తర్వాత అది మురికిది అంటాం.

2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 48 సెంటీమీటర్ల వాన పడింది. లోతట్టు పేటలన్నీ మునిగాయి. నీళ్ళకు తమ పాత దారి గుర్తుంటుంది. మనమే మర్చిపోయాం. కాలవ గట్టున ఉండే పేదలను ఆక్రమణదారులు అనడం తేలిక. నీటి దారిని మూసింది ఎవరెవరు, ఎంతెంత అని లెక్క తీయడం కష్టం. పరిశోధన చేసేవాళ్ళు మీరు. ఆ కష్టమైన పని మీది.

ఇక్కడికి కొద్ది దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించాడు. రోమ్ నుంచి వచ్చిన జాడీల ముక్కలు, ఇక్కడి పనివాళ్ళు చేసిన పూసలు, తమిళ బ్రాహ్మి లిపిలో గీతలున్న పెంకులు దొరికాయి. రెండు వేల ఏళ్ళ కిందట ఆ ఏటి మీద ఏం జరిగిందో ఆ పెంకులు చెబుతున్నాయి. ఇంత చిన్న పెంకు సాక్ష్యం అయినప్పుడు మీ అమ్మమ్మ మాట సాక్ష్యం కాదా?

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో రేవుల పేర్లు రాసుకు రండి. ఏ రేవు ఎవరిది, ఎవరు మెట్లు కట్టించుకున్నారు, ఎవరిది మట్టిగా మిగిలింది, ఎవరు ఎక్కడ ఈత నేర్చుకున్నారు, ఎవరు ఎక్కడ నీళ్ళు తాగనివ్వలేదు, ఏ చేప ఎవరింట్లో ఉడికింది. ఇష్టమైనవీ రాయండి, కష్టమైనవీ రాయండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పన్నెండు రోజులు ఘాట్లన్నీ కొత్త రంగులతో మెరుస్తాయి, పాత రేవుల ఆనవాళ్ళు వాటి కింద పడిపోతాయి. ఆ మెట్లు కడిగేవాళ్ళు ఎవరో మనకు తెలుసు. నది గురించి ఆ రోజుల్లో వచ్చే పుస్తకాల్లో వాళ్ళ ఈత, వాళ్ళ చేప, వాళ్ళ నవ్వు కూడా ఉండాలి. అవి రాయగలిగిన మొదటి తరం మీరే. చెప్పగలిగినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఆలస్యం చేయకండి.

జై భీమ్.